బడి లేని ఊరికి బడి సంచులు

ఖమ్మంలో సోషల్ వర్క్ పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. క్లాసులతోపాటు ఏదో ఒక సంస్థలో ఫీల్డ్‌వర్క్ చేయాలి. నన్ను ఖమ్మంలోనే ఉన్న ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు పంపారు. దుమ్ముగూడెం దాటాక అడవిలో ఉన్న గుత్తికోయ గిరిజనుల గూడేనికి వాళ్లు బడి సంచులు పంచడానికి పోతూ నన్నూ రమ్మన్నారు. ఎగిరి గంతేసి బయలుదేరాను. తిరిగి వచ్చి వారమైంది, కోపం ఇంకా చల్లారలేదు.

జూలై చివరి రోజులు. తెల్లవారుతుండగానే కిరాయి బండిలో ఖమ్మం వదిలాం. డ్రైవర్ యాకూబ్ భాయ్. ఆయన పక్కన సంచులు కొనిచ్చిన వ్యాపారి. వెనక సంస్థ కోఆర్డినేటర్ ప్రసాద్ సార్, నేను. మా వెనక సీటు నిండా అట్టపెట్టెలు. వైరా, తల్లాడ, ఏన్కూరు దాటేదాకా సన్నటి జల్లు. జూలూరుపాడు దగ్గర పత్తి చేలల్లో ఆడవాళ్లు ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని కలుపు తీస్తున్నారు. కొత్తగూడెంలో ఆగి ఇడ్లీ తిన్నాం. అది మా ఊరే. నాన్న బొగ్గు గనిలో చేస్తాడు. ఆ పొద్దు మొదటి షిఫ్టు కాబట్టి కలవలేదు. చర్చిలో వాక్యం చెప్పేటప్పుడు పేదల మాట వస్తే మా అమ్మ కళ్లు తుడుచుకునేది. సోషల్ వర్క్ చదువుతానంటే ఇంట్లో కాదన్నవాళ్లు లేరు.

పాల్వంచ దాటి, గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరేసరికి పది కావస్తోంది. నది ఎర్రగా, నిండుగా ఉంది. దుమ్ముగూడెం దాటాక ఫోన్లలో సిగ్నల్ పోయింది. ఆ తర్వాత తారు కూడా పోయింది. మట్టిబాటలో ఒక వాగు అడ్డొచ్చింది. మోకాలు లోతు నీళ్లలో యాకూబ్ భాయ్ బండిని మెల్లగా దాటించాడు.

"పైన గట్టి వాన పడితే ఈ వాగు ఆగదు మేడం. జల్దీ కానియ్యాలె," అన్నాడు.

గూడెంలో పాతిక గుడిసెలుంటాయేమో. సార్ రెండు వెదురు గుంజలకు బ్యానర్ కట్టించి, పిల్లలను జల్లులోనే వరసగా నిలబెట్టాడు. ప్రతి సంచి మీదా వ్యాపారి బొమ్మ అచ్చేసి ఉంది. ఒక్కో పిల్లకూ సంచి ఇవ్వడం, ఫోన్‌లోకి చూసి నవ్వమనడం. నవ్వు సరిగా రాని పిల్లల దగ్గర సంచి వెనక్కి తీసుకుని రెండోసారి ఇచ్చారు.

పక్కనున్న ఒక నడివయసు ఆమెను బడి ఎక్కడని అడిగాను. ఆమె పేరు జోగమ్మ. కోయ యాస కలిసిన తెలుగులో చెప్పింది.

"బడి వాగు అవతల ఉన్నది. వానలు పడ్డంక ఎవ్వరు పోరు. సంచి మంచిదే బిడ్డా, బియ్యం పోసుకుంటం."

నాకు తల కొట్టేసినట్టయింది. జోగమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు జర రా," అని తన గుడిసెలోకి తీసుకుపోయింది. పన్నెండేళ్ల కూతురు ఉంగి చాప మీద పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచింది కానీ ఎటో చూస్తోంది.

"నాలుగు దినాల సంది చలిజరం. ఇయ్యాల మాట గుడ పోయింది. బండి చూసి దవాఖానా వాళ్లనుకున్న," అంది జోగమ్మ.

బయటికి పరుగెత్తి సార్‌కు చెప్పాను. ఆయన బ్యానర్ మడతపెడుతున్నాడు.

"సిగ్నల్ వచ్చినకాడ నూటెనిమిదికి ఫోన్ చేద్దాం. నువ్వు ఎమోషనల్ కాకు సునీతా," అన్నాడు.

"వాళ్లు వచ్చేసరికి వాగు పొంగితే ఏంది సార్? మన బండిలనే తీస్కపోదాం."

"బండిల సీటేది? మన ప్రోగ్రాం వేరు, ఇది వేరు. దేనికైనా ఒక పద్ధతుంటది."

వ్యాపారి అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. అద్దం కొంచెం దించి, "ఏం జరమో ఏమో. మనకంటుకుంటే?" అని మళ్లీ ఎక్కించుకున్నాడు.

ప్రజల అవసరం ప్రజలనే అడిగి తెలుసుకోవాలని మాకు మొదటి క్లాసులోనే చెప్పారు. ఇక్కడ అడక్కుండానే అవసరం ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటే, ఈయన బ్యానర్ తడుస్తుందని చూసుకుంటున్నాడు. నాలో ఏదో తెగిపోయింది. బండి వెనక తలుపు తీసి, మిగిలిన పెట్టెలను ఒక్కొక్కటే లాగి బురదలో పెట్టాను.

"ఏం చేస్తున్నవ్ నువ్వు?" అని సార్ అరిచాడు.

"సీటు చేస్తున్న సార్."

యాకూబ్ భాయ్ నా వంకా సార్ వంకా చూసి, "ఓనర్ అడిగితే నేను జెప్పుకుంట తీ," అంటూ ఆఖరి పెట్టె తనే దించాడు. జోగమ్మ కూతుర్ని ఎత్తుకొచ్చింది. వెనక సీట్లో మా ఇద్దరి ఒళ్లో ఉంగిని పడుకోబెట్టాం. వాగులో నీళ్లు అప్పటికే తొడల లోతుకు వచ్చాయి. యాకూబ్ భాయ్ ఎట్లాగో దాటించాడు.

భద్రాచలం దవాఖానాలో రక్తం తీసి చూసి మలేరియా అన్నారు, తలకెక్కుతోందన్నారు. వెంటనే సెలైన్, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వ్యాపారి బండి దిగనే లేదు. లోపలికి వచ్చిన ప్రసాద్ సార్, మంచం పక్కన నిలబడి, పిల్ల ముఖమూ తన ముఖమూ పడేలా ఫోన్ పైకెత్తాడు.

జోగమ్మ కొంగు లాగి కూతురి ముఖం మీద కప్పింది. "నా పిల్ల బొమ్మ నీకెందుకు?"

అప్పటికే ఒకటి తీసేశాడు. డిలీట్ చేయమన్నాను. రిపోర్టులో పెట్టాలన్నాడు, మనమే కాపాడామని దాతలకు తెలియాలన్నాడు.

"మనమా? సీటు లేదన్నది మీరు గాదా సార్?"

"నీ ఫీల్డ్‌వర్క్ మార్కులు నా చేతుల ఉన్నయ్, యాదుంచుకో."

"సున్నా వేస్కోండి. ఫోటో మాత్రం డిలీట్ చెయ్యండి. ఆ తల్లిని అడిగిండ్రా మీరు?"

నా గొంతు వార్డంతా వినిపించినట్టుంది. పక్క మంచాల వాళ్లు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. సార్ ఫోటో డిలీట్ చేసి, బండెక్కి వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉండిపోయాను.

సాయంత్రం బయట మెస్సు నుంచి అన్నం పార్శిల్ తెచ్చుకుని వరండాలో తిన్నాం. జోగమ్మ అడిగింది, "నువ్వు సదివే సదువేంది?"

"జనానికి ఏం కావాల్నో అడిగి, అది అందేటట్టు చూసుడు."

"మరి మమ్మల్ని అడగలే గదా."

"అవ్, అడగలే. ఇప్పుడు అడుగుతున్న. ఏం కావాలె?"

ఆమె ఆలోచించుకోనవసరం లేకపోయింది. "వాగు మీద వంతెన. ఇంక ముగ్గురికి ఇట్లనే జరమున్నది, వాళ్లకు మందు."

మర్నాడు పొద్దున ఉంగి కళ్లు తెరిచి తన భాషలో ఏదో అంది. నీళ్లడుగుతోందని జోగమ్మ చెప్పి, నవ్వుతూనే ఏడ్చేసింది. డ్యూటీ డాక్టర్‌ను పట్టుకుని ఆ ముగ్గురి సంగతి చెప్పాను. ఆయన దుమ్ముగూడెంలోని ఆరోగ్య సిబ్బందికి నా ముందే ఫోన్ చేశారు. వాళ్లు మందులతో వాగు దాటారని కబురు అందాకే బస్టాండుకు నడిచాను.

ఖమ్మం బస్సులో మధ్యాహ్నం సీటు సులభంగానే దొరికింది. పక్కన మణుగూరు నుంచి వస్తున్న రిటైర్డు గని కార్మికుడు కూర్చున్నాడు. ఏం చదువుతున్నానో చెబితే, "సేవకు గుడ సదువుండాల్నా బిడ్డా?" అన్నాడు. ఉండాలి తాతా అన్నాను, అది లేకపోతే ఏమవుతుందో కళ్లారా చూసొచ్చానని.

కొత్తగూడెం దాటాక, కాలేజీలో మా ఫీల్డ్‌వర్క్ చూసే మేడంకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె విని, "నీ కోపం న్యాయమే. కానీ నీ ఫీల్డ్‌వర్క్ రిపోర్టుల గట్ల రాసిస్తే ఆ సంస్థ మన పిల్లలను తీస్కోదమ్మా," అంది.

"తీస్కోకపోతే మంచిదే మేడం. నేను రాసే ఇస్తా."

రాసి ఇచ్చాను. మార్కులు ఇంకా రాలేదు.

దుమ్ముగూడెం అవతలికి సేవ చేయడానికి పోవాలనుకునేవాళ్లకు ఒక మాట. భద్రాచలం దాకా బస్సులున్నాయి, తిండికీ బసకూ లోటు లేదు. వానాకాలంలో వాగు దాటే ముందు పైన మబ్బు చూసుకోండి. బ్యానర్ ఇంట్లోనే వదిలేయండి. వీలైతే ఉత్త చేతులతో పోయి, ఏం కావాలని అడగండి. తిరిగి వచ్చేటప్పుడు మీతో ఎవరైనా దవాఖానాకు రావాల్సి ఉంటుంది. వాళ్లకు చోటుంచుకుని పోండి.