బొమ్మలు అమ్మి ఇచ్చిన మొదటి అప్పు

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు చేతినిండా పని ఉండేది. పంచాయతీ ఆఫీసు, బడి, పశువుల దవాఖాన, ఏ బోర్డు చూసినా ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం’ అని ఉండేది. దాన్ని చెరిపి ‘తెలంగాణ ప్రభుత్వం’ అని రాయాలి. తిరుమలగిరి చుట్టుపక్కల ఊళ్లలో ఆ అక్షరాలు చాలావరకు నేను రాసినవే. కొత్త మాట పొట్టిది కాబట్టి, పాత జాగా నిండేలా అక్షరాలను కాస్త వెడల్పుగా సాగదీసేవాణ్ణి. నిచ్చెన మీద నిలబడి రాస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

అదే నా ఆఖరి మంచి కాలమని అప్పుడు తెలియలేదు. ఫ్లెక్సీలు అంతకు ముందే వచ్చాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లలో చిన్న దుకాణాల వాళ్లు కూడా నన్ను పిలవడం మానేశారు. పొద్దున చెబితే సాయంత్రానికి యజమాని ఫొటోతో సహా ఫ్లెక్సీ చేతికి వస్తుంటే, మూడు రోజులు రంగు ఆరబెట్టుకునే పెయింటర్‌తో వాళ్లకేం పని? బడి గోడల మీద బొమ్మలు, ట్రాక్టర్ల మీద పేర్లు, అప్పుడప్పుడు సమాధుల మీద నాలుగు అక్షరాలు, ఇవే మిగిలాయి.

ఇంటి పైకప్పు రేకులు మార్చడానికి గిరిగిరి అప్పు తీసుకున్నాను. ఇచ్చేటప్పుడే వడ్డీ కోసుకుని ఇస్తారు, తర్వాత రోజూ పొద్దున మనిషిని పంపి వసూలు చేసుకుంటారు. ఆ మనిషి ఇంటికి వచ్చేవాడు కాదు. సరిగ్గా నేను చాయ్ తాగే హోటల్‌కే వచ్చేవాడు.

“ఏం పెయింటర్, ఇయ్యాల గూడ రేపేనా?” అనేవాడు.

తిట్టేవాడు కాదు, గొంతు పెంచేవాడు కాదు. బెంచీ మీద కూర్చున్న వాళ్లందరికీ వినపడితే చాలని అతనికి తెలుసు. కొన్నాళ్లకు నేను చాయ్ మానేశాను. దూరం నుంచి అతని బండి కనిపిస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. చివరికి వాళ్ల ఫైనాన్సు ఆఫీసు బోర్డు నాతోనే రాయించుకున్నారు. దాని కూలిని అసలు కింద పట్టుకోమని అడిగితే, “గది వడ్డీకి వోయింది” అన్నారు. అయినా ఆ బోర్డు చక్కగానే రాశాను. అక్షరం వంకరగా రాయడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు.

కరోనా వెళ్లిపోయాక ఆ అప్పు ఎట్లాగో తీరింది. ఆ రోజుల్లోనే మా సార్ నన్ను ఇంటికి రమ్మన్నారు. హైస్కూల్లో మాకు డ్రాయింగ్ చెప్పిన సార్. అప్పటికే రిటైరై చాలా ఏళ్లయింది. వెళ్లేసరికి మంచం కింద నుంచి బొమ్మలు ఒక్కొక్కటే బయటికి లాగుతున్నారు. అన్నీ నీటి రంగులు. ఎర్ర మట్టి గుట్టలు, ఎండిన చెరువులు, గొంగడి కప్పుకుని గొర్ల వెంట నడిచే మనుషులు. నలభై ఏళ్లుగా వేసినవి, ఎవరికీ చూపించనివి.

“నేను వోయినంక వీటిని ఎలుకలు జూస్తయ్ తమ్మీ. అంతకంటె అమ్ముదం” అన్నారు.

“అమ్మి ఏం జేస్తరు సార్? మీకు పింఛను వస్తది గద.”

“నాకు గాదు. నువ్వు సందులల్ల దాక్కుంట తిరిగింది నేను జూడలే అనుకున్నవా? నీ అసొంటోళ్లు ఎంతమంది ఉన్నరో. వడ్డీ లేకుంట, జామీను అడుగకుంట, మనమే అప్పులిద్దం. నువ్వు గూడ నాలుగు బోర్డులు రాసి తే.”

బోర్డులు ఎవరు కొంటారో నాకు అర్థం కాలేదు. అయినా ఇంట్లో పడి ఉన్న పాత రేకు ముక్కలు తీసుకుని, ఒకప్పుడు దుకాణాలకు రాసినట్టే రాశాను. ‘ఇచ్చట బట్టలు కుట్టబడును’, ‘అరువు లేదు’, ‘సైకిళ్లు కిరాయికి ఇవ్వబడును’. నీలం మీద పసుపు అక్షరాలు, కింద ఎర్ర నీడ.

ఒక ఆదివారం చౌటుప్పల్‌లో, హైవే పక్కన ఒక ఫంక్షన్ హాల్ వరండాలో అన్నీ పెట్టాం. హాలు సార్ పాత శిష్యుడిది. మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోయారే గాని ఒక్కటీ కొనలేదు. నాకు సార్ ముఖం చూడాలంటే కష్టంగా ఉంది. అప్పుడు మందుల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమ్మాయి బట్టలు కుట్టే బోర్డు ముందు నిలబడి చాలాసేపు చూసింది. వాళ్ల బాపు దర్జీ అట. ధర అడిగి, బేరం చేయకుండా, ఆ రేకును చంకలో పెట్టుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది. నేను రాసిన బోర్డును ఎవరైనా ఇంట్లో పెట్టుకోవడానికి కొనడం అదే మొదలు.

సాయంత్రం విల్లాలు కట్టే కంపెనీ మనిషి ఒకాయన వచ్చాడు. గుట్టల బొమ్మలు నచ్చాయి, ఆరు కావాలన్నాడు.

“గొర్లు మాత్రం వద్దు సార్. మనుషులు గూడ వద్దు. డ్రాయింగ్ రూముల పెడ్తం గద, గుట్టలు ఒక్కటే ఉంటె సాఫ్‌గ ఉంటది.”

సార్ గొర్లున్న బొమ్మనొకదాన్ని తిప్పి గోడకు ఆనించారు. తర్వాత, “వారం టైమియ్యి” అన్నారు.

ఆ వారం రోజులూ నేను రోజూ వాళ్లింటికి వెళ్లాను. సార్ వేస్తున్నది గుట్ట, ఆకాశం, కింద ఎర్ర నేల, అంతే. గొర్లు ఉండాల్సిన చోట బ్రష్ ఒక్క క్షణం ఆగేది, మళ్లీ కదిలేది. ఆరింటిలో ఒక్కదాని మీదా సంతకం పెట్టలేదు. “అమ్ముడువోయేటివి అమ్ముదం. పనికొచ్చే పైసలే గద” అన్నారు. మా నిధిలో ఎక్కువ భాగం ఆ ఆరు బొమ్మలదే.

మొదటి అప్పు ఒగ్గు కథ చెప్పే ఒకాయనకు ఇచ్చాం. నాకంటే పదేళ్లు పెద్ద, గొర్లు కాసే ఇంటివాడు. బీరప్ప కథ, మల్లన్న కథ చెబుతూ ఐదుగురి మేళంతో ఊళ్లు తిరిగేవాడు. కరోనాలో కథలు ఆగిపోయి గొర్లలో చాలావరకు అమ్ముకున్నాడు, డోళ్లు తాకట్టు పెట్టాడు. మేము ఇచ్చిన డబ్బుతో డోళ్లు విడిపించుకున్నాడు. నెల నెలా కొంత కట్టాలని రాసుకున్నాం. ఆ పుస్తకం నా దగ్గరే ఉండేది.

మూడు నెలలు కట్టాడు. నాలుగో నెల రాలేదు, ఐదో నెలా రాలేదు. నాకు గుబులు పట్టుకుంది. ఇంకో ఇద్దరు అప్పు అడిగి ఎదురుచూస్తున్నారు. ఈ మొదటిదే మునిగితే సార్ బొమ్మలన్నీ మట్టిలో కలిసినట్టే అనిపించింది. ఒకరోజు అంగట్లో, మిరపకాయల కుప్పల దగ్గర ఆయన ఎదురుపడ్డాడు. పక్కన వాళ్ల ఊరివాళ్లు ఉన్నారు.

“ఏం అన్న, ఈ నెల గూడ లేదా?” అన్నాను.

గొంతు పెంచలేదు. ఆయన తల వంచుకుని, “ఇస్త తమ్మీ” అని, కొనడానికి ఎత్తిపట్టుకున్న మిరపకాయలు కుప్పలోనే వేసేసి వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చేదాకా నేనేం చేశానో నాకు తట్టనే లేదు. అన్నం ముందు కూర్చున్నాక తట్టింది. చాయ్ హోటల్‌కు వచ్చే వసూలు మనిషి నన్ను అడిగినట్టే, అదే నెమ్మదితో, అట్లాగే నలుగురి ముందు అడిగాను.

ఆ తర్వాత ఆయన అంగడికి రావడం మానేశాడు. ఒకసారి బస్సులోంచి చూశాను. నన్ను చూసి గోడ చాటుకు జరిగాడు. ఇక ఉండబట్టలేక సార్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన వెంటనే లేచి, “పా, పోదం” అని చెప్పులు వేసుకున్నారు.

మేం వెళ్లేసరికి కథ చెప్పే ఆయన దొడ్డి దగ్గర తడక కడుతున్నాడు. మమ్మల్ని చూడగానే లోపలికి వెళ్లి, చిన్న గొర్రెపిల్లను ఎత్తుకొచ్చి నా ముందు దించాడు.

“గిది తీస్కపోండ్రి. అమ్మితె ఎంతో కొంత వస్తది.”

“వసూలుకు రాలే అన్న. అంగట్ల గట్ల అడిగినందుకు తప్పైందని చెప్పనీకె వచ్చిన” అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. పిల్ల వీపు నిమురుతూ కూర్చున్నాడు. తర్వాత సార్ వైపు తిరిగి, “డోళ్లు ఇంట్లనే ఉన్నయ్ సారు, యాడికి వోలె. గాని వానలు వడ్డంక కథ చెప్పమని ఎవ్వలు పిలుస్తరు? గొర్రె నెలకోసారి ఈనదు గద. మాది గూడ గంతే. సంకురాత్రి దాటినంక రండ్రి. ఉగాది దాంక మా డోలు కింద వెట్టం” అన్నాడు.

“గీ మాట మాకు ముందుగాల ఎందుకు చెప్పలే?” అన్నారు సార్.

“అప్పు తీస్కునెటోడు షరతులు వెడ్తడా సారు?”

సార్ నా చేతిలోని పుస్తకం తెరవమన్నారు. వాళ్లావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గొర్రెపిల్ల తల్లి కోసం అరుస్తుంటే ఆమే తీసుకెళ్లి దొడ్లో వదిలింది. అక్కడే, పుస్తకంలో ఆయన పేరు ఎదురుగా ఉన్న నెలలన్నీ కొట్టేశాను. కథలు నడిచే రోజుల్లోనే కట్టాలని రాసుకున్నాం. లేచి వస్తుంటే మొదటిసారి నన్ను చూసి, “తమ్మీ, కథకు రా” అన్నాడు.

వెళ్లాను. మాఘ మాసంలో, వాళ్ల పక్క ఊళ్లో. ఆయన డోలు కొడుతూ అడుగు వేస్తుంటే ఆ వయసు ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆ ఎండాకాలం అయిపోయేలోపు మొత్తం తీర్చేశాడు. చివరి విడత ఇవ్వడానికి వచ్చినప్పుడు, తన మేళంలో తాళాలు వేసే అతన్ని కూడా వెంట తీసుకొచ్చాడు. అప్పు అతనికి కావాలట.

అన్నీ అట్లా తిరిగి రాలేదు. మట్టి బొమ్మలు చేసే ఒకాయన అప్పు తీరకముందే చనిపోయాడు. వాళ్లింట్లో ఎవరినీ అడగవద్దన్నారు సార్. ఒకతను ఊరు విడిచి వెళ్లాడు, ఫోన్ ఎత్తడు. నిధి తగ్గినప్పుడల్లా నేను రేకుల మీద బోర్డులు రాస్తాను. హైదరాబాద్‌లో హోటళ్లు పెట్టేవాళ్లు వాటిని కొంటున్నారు. సార్ ఇప్పటికీ బొమ్మలు వేస్తున్నారు గాని, ఒక్కోదానికి నెలలు పడుతోంది.

మొన్న ఎండాకాలంలో ఆత్మకూర్ వైపు నుంచి ఒకామె సార్ ఇంటికి వచ్చింది. యక్షగానంలో వేషం కడుతుంది. నగలు, కిరీటం పాతబడి రాలిపోతున్నాయట, కొత్తవి చేయించుకోవాలి. కుర్చీ చూపినా గడప దగ్గరే నిలబడి, “యాడ సంతకం వెట్టాలె?” అంది.

“ముందుగాల కూసో అక్క. నీకు ఆటలు ఏ నెలలల్ల ఉంటయ్?” అని అడిగాను.

ఆమె కూర్చుని వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో తప్పి, మళ్లీ మొదటి నుంచి అందుకుంది. మేం తొందరపెట్టలేదు. సార్ లేచి ఆమె కోసం మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లారు.