సగం వల

జంగ్లీఘాట్ చేపల రేవు పక్క వీధిలో కొత్త వల మూట విప్పుతుంటే ఒక వాసన వస్తుంది. కొంచెం కిరసనాయిలులా, కొంచెం కొత్త చెప్పుల దుకాణంలా ఉంటుంది. మొన్న ఉదయం ఆఫీసుకు వెళుతూ ఆ వాసన తగిలి ఆగిపోయాను. మూట విప్పుతున్న మనిషి తలెత్తి, "క్యా భయ్యా, వల కావాలా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. ఎస్తేరు దీదీని తలుచుకుంటూ నిలబడ్డానని అతనితో ఏం చెబుతాను? ఆమెను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఈ రేవులో మా తాతకు పడవలు, ఉప్పుచేపల గోదాము ఉండేవి. శ్రీకాకుళం వైపు నుంచి ఈ అండమాన్ దీవులకు వచ్చిన జాలర్లు చాలామంది ఆయన పడవల మీదే పనిచేశారు. నా కాలానికి పడవలు లేవు, గోదాము ఇంకొకరిది. ఎలా పోయాయన్నది మా ఇంటి విషయం. ఇంటిపేరు మాత్రం మిగిలింది. దాన్ని నేను ఇస్త్రీ చేసిన చొక్కాలా తొడుక్కుని తిరిగేవాణ్ణి. హాడోలోని ఒక సహాయ సంస్థలో ఉద్యోగం ఉందని తెలిసి, అలాగే వెళ్లాను.

ఆ కార్యాలయానికి ఎస్తేరు దీదీ అధికారి. ఇల్లు లంబాలైన్‌లో. ఆదివారం తెలుగు చర్చిలో ఉంటుంది, తక్కిన రోజులు ఏదో ఒక దీవిలో ఏదో ఒక ఊళ్లో ఉంటుంది. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. నేను ఆమె బల్ల ముందు నిటారుగా నిలుచున్నాను.

"కూర్చో నాయనా. నువ్విలా నిలబడితే ఇంటర్వ్యూ నాకు జరుగుతున్నట్టుంది."

కూర్చున్నాను.

"ఇది సాయం పంచే ఉద్యోగం. నువ్వెప్పుడైనా ఎవరి దగ్గరైనా సాయం తీసుకున్నావా?"

"మా ఇంట్లో ఆ అలవాటు లేదండీ."

"అచ్ఛా! అయితే నేర్చుకోవాల్సింది బోలెడుంది" అని గట్టిగా నవ్వి, మర్నాడే పనిలోకి రమ్మంది.

ఆమె నన్ను తీసుకువెళ్లిన ఊరు మధ్య అండమాన్ తీరంలో ఉంది. పేరు రాయను. క్రీక్ అనే ఉప్పునీటి పాయకు ఒక ఒడ్డున జెట్టీపేట, రెండో ఒడ్డున కొండపేట, నడుమ చెక్క వంతెన. రెండు పేటలవాళ్లూ తెలుగు జాలర్లే, పైగా చుట్టాలు. క్రీక్ సముద్రంలో కలిసేచోట ముందు ఎవరు వల వెయ్యాలన్న తగువు కత్తుల దాకా పోయింది. చివరికి ఒకరి పడవలూ వలలూ ఇంకొకరు తగలబెట్టుకున్నారు. మేము వెళ్లేనాటికి వంతెన దగ్గర పోలీసు కాపలా ఉంది. చిన్న పడవలు, డింగీలు, కొన్ని మిగిలాయి గాని వల ఒక్కటీ మిగల్లేదు. నీళ్ల మీద ఒంటరిగా దొరికితే అవతలివాళ్లు ఏం చేస్తారోనన్న భయంతో ఎవరూ ఒడ్డు వదలడం లేదు. మేమిచ్చే బియ్యం, పప్పులతోనే పొయ్యిలు వెలిగేవి. అదీ వానలు మొదలయ్యేదాకానే. ఆలోపు వేట మొదలుపెట్టి నాలుగు చేపలు ఎండబెట్టుకోకపోతే వానాకాలమంతా పస్తులే.

బియ్యం పుచ్చుకునేటప్పుడు ఎవరూ మా మొహం చూసేవారు కారు. కొండపేటలో నూకాలు అని, గట్టి మనిషి, ఆ పేట ఆడవాళ్లందరికీ ఆమె మాటంటే గురి. సంచీ నెత్తికెత్తుకుంటూ, "ముష్టి బియ్యమైనా మెత్తగానే ఉడుకుతాది సూడు" అని పక్కామెతో అంది. నాకు వినబడాలనే అంది.

తర్వాత ఓడలో వలల సామాను వచ్చింది. అల్లిన నైలాన్ వల కొన్ని మూటలు. దానికి కట్టే తాళ్లు, పైన తేల్చే బెండ్లు, అడుగున ముంచే సీసం గుళ్లు వేరే మూటలు. అన్నీ కలిపి కుడితేనే నీళ్లలో వెయ్యడానికి పనికొస్తుంది. నేను ప్రతి రకాన్నీ రెండు సమభాగాలు చేయించాను. ఎస్తేరు దీదీ వచ్చి చూసింది. వల మూటలన్నీ జెట్టీపేటకు, తాళ్లూ బెండ్లూ గుళ్లూ అన్నీ కొండపేటకు పంపమంది.

తప్పు విన్నాననుకున్నాను. "దీదీ, ఇద్దరికీ సమంగా పంచితే న్యాయం కదండీ?"

"సమంగా పంచితే ఒకడితో ఒకడికి పనేముంటది? ఎవడి వల వాడిది, ఎవడి కత్తి వాడిది. చలో, మూటలు ఎత్తించు."

సంగతి తెలిసి పైఅధికారి ఫోన్ చేశాడు. ఆమె ఎంతో వినయంగా, "పంపకంలో తేడా ఏం లేదు సార్. అందరికీ సమంగా సగమే ఇచ్చాను" అని పెట్టేసింది.

ఆ తర్వాత వంతెన మధ్యలో కుర్చీ వేయించుకుని గొడుగు కింద కూర్చుంది. రెండు వైపుల నుంచీ తిట్లే. జెట్టీపేట పెద్ద అప్పన్న వచ్చి మీద పడ్డాడు. "ఏటి దీదీ, మతిపోనాదా? తాడు లేని వల ఏటి సేసుకోమంటావు?"

"నా దగ్గర లేదు భయ్యా. అదిగో, ఆ ఒడ్డున ఉంది."

"అటోళ్లతో మాటల్లేవు మాకు!"

"మాట్లాడొద్దు. నేను మాట్లాడమన్నానా?"

రోజులు గడిచాయి. నైరుతి మూల మబ్బు కనబడసాగింది. మూటలు విప్పినవాళ్లు లేరు. నాకు నిద్ర పట్టలేదు. వాళ్లు కలవకపోతే ఏం చేస్తారని అడిగాను. ఆమె మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"అప్పుడు ఈ పిల్లల పస్తు నా మీదే పడుద్ది నాయనా. దేవుడికి నేనే జవాబు చెప్పుకోవాలి."

అది తెలిసీ ఆమె ఆ కుర్చీ వదల్లేదు. అంత బరువు ఎత్తుకుని అంత స్థిమితంగా కూర్చున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా తాత సాహసి అని ఊరంతా చెప్పుకునేవారు. ఆయన పణం పెట్టింది పడవల్ని. ఈవిడ తన మనశ్శాంతినే పెట్టింది.

ఒక సాయంకాలం నూకాలు భుజాన తాడు చుట్ట వేసుకుని వంతెన మొదట్లోకి వచ్చి నిలబడింది. అవతల అప్పన్న బీడీ కాలుస్తున్నాడు.

"ఓ అప్పన్న బావా! ఆ వలని పంచెలాగ కట్టుకుని తిరుగుతావేటి? కన్నాలుంటాయి, సూసుకో!"

పోలీసు కూడా నవ్వాడు. అప్పన్న బీడీ పారేసి లేచాడు. "నీ తాడు నువ్వేటి సేత్తావే నూకాలు? ఉయ్యాల కట్టుకుని ఊగుతావా?"

"ఊగుతాను! నువ్వొచ్చి ఊపుతావా?"

రెండు ఒడ్లూ గొల్లుమన్నాయి. ఎస్తేరు దీదీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. "బావా అంది. విన్నావా? బావా అంది. స్తోత్రం."

మర్నాడు వంతెన మీదే కుట్టడం మొదలైంది. తిట్టుకుంటూనే కుట్టారు. వల ఇద్దరిదీ కనుక డింగీలో రెండు పేటలవాళ్లూ ఎక్కక తప్పలేదు. అలా ఎక్కాక సముద్రం మీద భయపడవలసినవాడు ఎవడూ లేకపోయాడు. అందరూ కలిశారని చెప్పను. గొడవలో కాలు పోగొట్టుకున్న మనిషి ఇంటివాళ్లు వంతెన వైపే చూడలేదు. వానలు వచ్చాక కూడా వాళ్ల బియ్యం మాత్రం ఎస్తేరు దీదీ ఆపనివ్వలేదు.

వానలకు ముందే వలలో కానాగంత చేపలు పడ్డాయి. మేము బయలుదేరుతుంటే జీపు దగ్గరికి గంపతో వచ్చారు. ఎస్తేరు దీదీ వద్దంటుందని ఎదురుచూశాను. ఆమె కొంగు పట్టింది. "ఇంతేనా? నా ఒళ్లు చూసైనా కొంచెం పెద్దవి వెయ్యండయ్యా!" వాళ్లు నవ్వుతూ ఇంకో రెండు వేశారు.

నూకాలు నా వైపు తిరిగింది. "పట్టు, సావుకారు మనవడా. మీ తాత కాడ మా అయ్య సెయ్యి సాపినోడే. ఇయ్యాల నీకు నానెడతన్నాను."

నా చేతులు కాస్త ఆలస్యంగా లేచాయి, కాని లేచాయి. అప్పుడు ఆమె తిన్నగా నా మొహంలోకి చూసింది.

జీపులో ఎస్తేరు దీదీ, "కాలరుకి పొలుసంటుకుంది, తుడుచుకో" అంది. తుడుచుకోలేదు.

ఆమె పోయాక ఆ బల్ల నాకు వచ్చింది. ఎక్కడ గొడవ జరిగినా, ఎక్కడ ఉప్పునీళ్లు పొలాల్లోకి వచ్చినా, కొత్తగా చేరినవాళ్లు వెళ్లి ఆ ఊరికి ఏమేమి లేవో రాసుకుని వస్తారు. మంచిది అంటాను. వాళ్ల దగ్గర ఏముందో, అది ఇంకెవరికి కావాలో చూసి రమ్మని మళ్లీ పంపుతాను. విసుక్కుంటూ పడవ ఎక్కుతారు. వట్టి చేతులతో మాత్రం ఎవరూ తిరిగి రాలేదు. ఇవ్వడానికి ఏమీ లేని మనిషి మాలో ఇంతవరకు ఎవరికీ ఎదురు కాలేదు.