మొక్కు తీరినా విప్పని చీర

చీర కట్టుకున్న మగవాడు తాడు లాగితే జాతీయ జెండా పైకి పోనని మొరాయిస్తుందా? తర్కానికి నిలబడే సమాధానం మీ దగ్గర ఉంటే చదవడం ఇక్కడే ఆపేయవచ్చు. నా దగ్గర లేదు. లేకపోయినా, ఆదోనిలో డిగ్రీ చదివే రోజుల్లో ఇదే విషయం మీద ఆరు నిమిషాలు మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకున్నాను.

మా డిబేట్ పోటీల్లో ఎవరు ఏ పక్షమో చీటీ నిర్ణయిస్తుంది. ఆ ఏడాది అంశం, ఆధునిక కథాసాహిత్యం జాతి అస్తిత్వాన్ని బలహీనపరుస్తున్నదా అని. అవుననే పక్షం నాకు వచ్చింది. నమ్మకం ఉన్నా లేకపోయినా చీటీలో వచ్చిన పక్షాన్ని గెలిపించడమే వక్త ధర్మమని మాకు నేర్పారు. ధర్మాన్ని నిష్ఠగా పాటించాను. ఉదాహరణ కావలసి వచ్చింది. నా బెంచీలోనే కూర్చునే మిత్రుడు కళాశాల వార్షిక సంచిక కోసం రాసిన కథ, అచ్చుకు ఒక ప్రతి ఇచ్చాక చదివి అభిప్రాయం చెప్పమని నాకిచ్చింది, నా సంచీలోనే ఉంది.

ఆ కథలో, పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే ఒక నడివయసు మనిషి హోలీ మొక్కు తీర్చుకోవడానికి చీర కడతాడు. ఇంతవరకు మా వైపు వింతేమీ లేదు. మిత్రుడి పల్లెలో హోలీ నాడు మీసాల మొనగాళ్ళు చీరలు కట్టి, పూలు ముడిచి, మేళంతో రతీమన్మథుల పూజకు బయలుదేరుతారు. పెళ్ళి కుదరాలని, పంట చేతికి రావాలని మొక్కు. పండుగ కాగానే చీర తిరిగి ఇంటి ఆడవాళ్ళ బీరువాలోకి పోతుంది. కథలోని మనిషి మాత్రం మరునాడు చీరతోనే పనికి వెళతాడు. ఆ మరునాడూ అంతే. అడిగినవాళ్ళతో, "ఇంత సుకంగా ఎన్నడూ లేనప్పా," అంటాడు. ఆ మిల్లులో అందరికంటే పాతవాడు పంద్రాగస్టుకు జెండా ఎగరేయడం ఆనవాయితీ. ఆ ఏడు పాతవాడు అతడే. అతడు కొంగు నడుముకు దోపి తాడు అందుకోవడంతో కథ ముగుస్తుంది.

"కొంగు దోపిన ఈ చేతుల్లో రేపటి దేశం ఏమైపోవాలి?" అని వేదిక మీద గర్జించాను. ఒకటే చప్పట్లు. న్యాయనిర్ణేత మా తెలుగు అధ్యాపకుడు. సంచికకు సంపాదకుడూ ఆయనే. వక్త అన్నీ ఆలోచిస్తాడు గానీ, ముందు వరుసలో ఎవరు కూర్చున్నారో ఆలోచించడు.

రెండు రోజులకు కథను సంచికలోంచి తీసేశారు.

"ఏం మాట్లాడినావురా సామీ! నా కథ ఎగిరిపాయ," అన్నాడు మిత్రుడు.

"పోటీ కోసం అన్నా గదరా. నేను నమ్మి అన్నానా?"

"నువ్వు నమ్మల్యా, సారు నమ్మినాడు. అచ్చులో నా పేరొస్తాదని మా నాయనకు చెప్పింటి. ఆయన ఆస్పరిలో ఉండే మా అత్తకు గూడా ఫోను చేసినాడు."

కోప్పడి ఉంటే బాగుండేది. ఎదురువాదం నాకు వచ్చిన విద్య.

సంపాదకుణ్ణి బతిమాలుదామని వెళితే ఆయన సెలవులో ఉన్నారన్నారు. మరునాడు హోలీ. చేసిన నిర్వాకానికి ప్రాయశ్చిత్తంగా మిత్రుడి వెంట వాళ్ళ పల్లెకు పోయాను. మేళం వెనక వస్తున్న వరుసలో, ఆకుపచ్చ చీర, మోచేతుల దాకా గాజులు, చెవి మీద మల్లెలు, ఎప్పటి కళ్ళజోడు, ఎప్పటి మీసం. మా సారు.

"ఏమప్పా, మీరూ వచ్చినారా? రాండి, రాండి," అన్నారు. ముఖంలో సిగ్గు ఛాయ లేదు. ఆయన్ను చూడగానే నూరుకున్న వ్యంగ్యమంతా వృథా అయింది.

"చీర బాగుంది సార్," అన్నాను.

"ఎమ్మిగనూరు నేత. మా ఇంటామె ఏరింది. కుచ్చిళ్ళే నిలబడల్యా, తొక్కుతాండాను."

మిత్రుడు వంగి ఆయన కుచ్చిళ్ళు సర్దుతూనే అడిగాడు. "మీరు కడితే దేశానికేం కాల్యా సార్. నా కథలో ఆయప్ప కడితే ఏమైతాది?"

"ఇది మొక్కప్పా. పొద్దుగూకితే విప్పేస్తా. నీవోడు విప్పడే! చివర్లో విప్పించు, ప్యాంటు తొడుగు, జెండా ఎగరేయించు. మొదటి పేజీలోనే వేస్తా."

అంత నిజాయితీ గల వాదన నేను ఏ వేదిక మీదా వినలేదు. దేవుడి పేరిట ఒక్కపూట కడితే సంస్కృతి. తన పేరిట రోజూ కడితే దేశద్రోహం. వేషాన్ని దేశం ముద్దు చేస్తుంది. ఇది వేషం కాదన్న మనిషిని మాత్రం పొలిమేర అవతలికి నెడుతుంది. అలాంటి మనిషి పొద్దుగూకాక కూడా బతకడానికి మా మిత్రుడు పదకొండు పేజీల చోటిచ్చాడు. ఆ చోటును ఆరు నిమిషాల్లో ఖాళీ చేయించినవాణ్ణి నేను.

"విప్పడు సార్," అన్నాడు మిత్రుడు. కుచ్చిళ్ళు మాత్రం చక్కగా కుదిర్చాడు. సారు మేళం వెంట సాగిపోయారు.

సంచిక వచ్చింది. కథ ఉండవలసిన చోట బహుమతి అందుకుంటున్న నా ఫొటో వేశారు. మిత్రుడి నాయన దాన్ని చాలాసేపు చూసి, "బాగున్నావు నాయనా," అన్నాడు. తర్వాత సంచిక నా చేతికిచ్చి, "మావోని కథ యాడుందో రవ్వంత సూపీ," అన్నాడు.

చీటీ పక్షాన మాట్లాడటం ఆ రోజుతో మానేశాను.

మీలో పత్రిక నడిపేవారు ఉంటే ఆ కథ అడగండి. చేతిరాత ప్రతి నా దగ్గరే ఉంది. మిత్రుడు సరేనన్నాడు, పంపుతాను. నచ్చకపోతే నచ్చలేదని రాయండి, శైలి పేలవంగా ఉందని తిట్టండి, తిప్పి పంపండి. వేస్తే మాత్రం చివరి వాక్యం దాకా వేయండి. అతని చీర జోలికి పోకండి.