గేటు పడితే మురిసే భీమప్ప

ఎనిమిదేళ్లు ఒకే బస్సులో కలిసి తిరిగి, పక్క మనిషికి ఏ కూర ఇష్టమో తెలియకపోవడం సిగ్గుచేటే. ఆ సంగతి కండక్టర్ ఈశ్వరికి డ్రైవర్ భీమప్ప ఆఖరి డ్యూటీ రోజున గాని తట్టలేదు. మర్నాడు డిపోలో ఆయన పదవీ విరమణ సభ. "నువ్వే మాట్లాడల్లక్కా, ఆయప్ప గురించి నీకంటే ఎవరికి తెలుసు?" అంటూ మెకానిక్ లోకేష్ ఒక కాగితం చేతిలో పెట్టి పోయాడు. ఇష్టమైన కూర, ఇష్టమైన రంగు, స్ఫూర్తినిచ్చిన వ్యక్తి. మూడు ఖాళీలు.

పైగా ఈశ్వరి మనసులో ఒక ముల్లు ఉంది. పోయిన ఏడాది బస్సు రోజూ ఎందుకు ఆలస్యమవుతోందని అధికారి అడిగితే, "రైలు గేటు దగ్గర ఈయనే ఆపుకుని కూర్చుంటాడు సార్" అని ఆమే చెప్పింది. భీమప్ప నలుగురిలో చీవాట్లు తిన్నాడు. ఎదురు మాట అనలేదు, ఆపడమూ మానలేదు. అలాంటి మనిషిని రేపు మైకు ముందు ఏ మొహం పెట్టుకుని పొగడాలి?

బస్సు ఎమ్మిగనూరులో బయలుదేరి ఆదోని మీదుగా కౌతాళం పోతుంది. టిక్కెట్లు కొట్టడం అయ్యాక ఈశ్వరి డ్రైవర్ పక్కకు వచ్చి నిలబడింది.

"అన్నా, నీకు ఏ కూరంటే ఇష్టం?"

"ఆకలైనప్పుడు ఏదైనా ఇష్టమేమ్మా."

"పోనీ, ఏం రంగు?"

"ముప్పై ఏండ్లు ఖాకీ తొడిగినాక ఇంగేం రంగుంటాది?"

ఈయన నోట మాట రాబట్టడం కంటే రాతి నుంచి నార తీయడం సులువు అనుకుంది ఈశ్వరి. "సరే, ఎవర్ని సూసి నువ్విట్ల తయారైనావు? అదన్నా సెప్పు."

భీమప్ప గేరు మార్చాడు. ఆదోని దాటగానే గేటు పడింది. లోకంలో ఎవరైనా గేటు పడితే విసుక్కుంటారు, ఈయన మాత్రం పండగ చేసుకుంటాడు. ఎప్పటిలాగే ఇంజిన్ ఆపేసి వెనక్కి వాలాడు. మోత ఆగేసరికి జనం కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. రోజూ గేటు దగ్గర అమ్ముకునే తాయమ్మ ఉడకబెట్టిన శనక్కాయల బుట్టతో తాపీగా దగ్గరికి వచ్చింది.

"పేరు తెల్దమ్మా," అన్నాడు భీమప్ప ఉన్నట్టుండి.

"ఎవరి పేరు?"

"నువ్వడిగినావే, ఆయప్పది. మాయమ్మ ఈ గేటుకాడే సెనక్కాయలు అమ్ముతాండె. నేను బడి ఎగ్గొట్టి రెండో బుట్ట మోస్తాంటి. బస్సులోల్లు ఇంజిన్ ఆపరు. గేటు లేస్తానే దూకిచ్చేటోల్లు. మాయమ్మ కిటికీ పట్టుకోని బస్సెంబడి ఉరికేది. ఒకసారి పడి చెయ్యి ఇరగ్గొట్టుకునింది. ఒకే ఒక్క డ్రైవరు బండి ఆఫ్ చేసి, ఆడోల్లంతా ఎనక్కి జరిగిందాకా కదిలిచ్చేటోడు కాదు. ఆయన డ్యూటీ ఉన్న దినం ఉరికే పని లేదని నన్ను బడికి పంపిచ్చేది. ఆయప్ప మొగం గూడ గుర్తు లేదు. అద్దంలో ఎనక్కి సూసే కండ్లు మాత్రం గుర్తుండాయి."

"ఈ మాట ఆ పొద్దు సార్‌తో సెప్పింటే ఏమైండె అన్నా?" అంది ఈశ్వరి.

"నువ్వు సెప్పింది నిజమే గదమ్మా. ఆలస్యం నా వల్లే."

గేటు లేచింది. వెనక బండ్లు హారన్లతో గోల పెట్టాయి. భీమప్ప అద్దంలోకి చూశాడు. ఈశ్వరి కూడా మొదటిసారి కిటికీలోంచి తల బయట పెట్టి, తాయమ్మ పక్కకు జరిగిందాకా చూసి, అప్పుడు "రైట్" అంది.

మర్నాడు సభలో ఆమె కాగితం బయటికి తీయలేదు. ఫిర్యాదు చేసింది తానేనని, ఆయన ఎందుకు ఆపేవాడో తనకు నిన్నటిదాకా తెలియదని చెప్పింది. అంతే చెప్పి మైకు వదిలి వచ్చేసింది. భీమప్ప మెడలో దండ సర్దుకుంటూ తల దించుకున్నాడు.

సోమవారం కొత్త డ్రైవర్ వీరేష్ వచ్చాడు. గేటు పడింది. ఇంజిన్ గుర్రుమంటూనే ఉంది. తాయమ్మ బస్సు వైపు ఒకసారి చూసి, బుట్టతో అక్కడే నిలబడిపోయింది.

"ఇంజిన్ ఆపు తమ్ముడూ," అంది ఈశ్వరి.

"లేటయితే సార్ అడుగుతాడక్కా. ఏమని సెప్పల్ల?"

"నా పేరు సెప్పు."

వీరేష్ తాళం తిప్పాడు.