ఆగ్నేయం మూల ఒక అతుకు

బెంజ్ సర్కిల్ నుంచి పటమట చివరిదాకా ఎవరి కంప్యూటరు మొరాయించినా నన్నే పిలిచేవారని ఇప్పటికి చాలామందికి చెప్పాను. అబద్ధం. మా అపార్ట్‌మెంటులో ఇద్దరు పిలిచారు, అందులో ఒకరు ప్లగ్గు పెట్టడం మరిచిపోయారు. కాలువల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యానని కూడా చెబుతుంటాను. వర్క్ ఇన్‌స్పెక్టరుని. ఇంజనీరుగారి జీపులో వెనక సీట్లో కూర్చున్నమాట మాత్రం నిజం.

ఈ చిన్నవాటిని ముందే ఒప్పేసుకోవడం ఎందుకంటే, అసలు సంగతికి వచ్చేసరికి మీరు నామీద కాస్త మెత్తబడి ఉంటారని.

ఫోను వైరు మీద కీచుకీచుమంటూ నడిచే ఇంటర్నెట్టు పోయి, కేబుల్ టీవీ ఓనర్లే నెట్టు కూడా ఇస్తున్న కాలం. మా మేడమీద ఒక పెట్టె బిగించి, అందులోంచి ఇంటింటికీ ఒక నీలం వైరు దింపారు. నా కంప్యూటరు హాల్లో వాయవ్యం మూల ఉండేది. నెలరోజులు గుర్రంలా పరుగెత్తింది.

అంతలో కింది ఫ్లాటుకు వాస్తు చూసే ఆయన వచ్చాడు. కాఫీ ఇస్తానని పైకి లాక్కొచ్చి మా హాలు చూపించాను. కరెంటుతో నడిచేది నిప్పుతో సమానమనీ, దాని చోటు ఆగ్నేయమనీ చెప్పి కాఫీ తాగి వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా కంప్యూటరును ఆగ్నేయానికి మార్చాను. వైరు బారెడు తక్కువైంది. ఎక్కడో మిగిలిన ముక్క తెచ్చి, లోపలున్న ఎనిమిది పోగుల్నీ రంగుకు రంగు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేశాను. పొలం మోటారు వైరును అతికించినట్టే అతికించాను. ఆ అతుకు కనపడకుండా ఫ్రిజ్జు వైరు నడిచే ప్లాస్టిక్ పట్టీలోనే దాన్నీ కుక్కి మూత వేశాను.

ఆ సాయంత్రం నుంచే నెట్టు కుంటడం మొదలుపెట్టింది. పేపరు మొదటి పేజీ తెరుచుకునేలోగా మా ఆవిడ పప్పు తాలింపు వేసేసేది. కారణం నాకు తెలియదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. తెలుసు. తెలియకపోతే ఆ పట్టీకి అడ్డంగా పాత పేపర్ల దొంతర ఎందుకు పేరుస్తాను? బయట మాత్రం కాలువ సిద్ధాంతం చెప్పాను. ఎగువవాళ్ళు తూము పగలగొట్టి తోడేసుకుంటుంటే చివరి చేలకి నీళ్ళెలా వస్తాయి, పై అంతస్తుల వాళ్ళు సినిమాలు దించుకుంటుంటే మనకి స్పీడెలా వస్తుంది అని. అందరూ తలలూపారు. నేను కేబుల్ ఓనరుకు ఫోన్ చేసి కంప్లైంటు రాయించాను.

వచ్చినతను నలభై దాటిన ముస్లిం. మొదట రేడియోలు బాగుచేసేవాడట, తర్వాత టేప్ రికార్డర్లు. రెండూ పోయాక ఈ మెట్లెక్కే పనిలో చేరాడు. మొదటిసారి వైరు చివర జాక్ మార్చాడు. రెండోసారి కంప్యూటరు విప్పి లోపలి కార్డు మార్చాడు, మేడమీద పెట్టెలో నా వైరు దూర్చిన గుంట మార్చాడు. అక్కడ స్పీడు బ్రహ్మాండంగా ఉంది, నా దగ్గరికొచ్చేసరికి లేదు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా చెప్పాడు. ఈ బిల్డింగు నుంచి ఇంకొక్క కంప్లైంటు వస్తే పనిలోకి రావద్దన్నాడట ఓనరు. ఈ వయసులో తనకు ఇంకో పని దొరకదన్నాడు. ఏదైనా ఉంటే ముందు తనకే చెప్పమని బతిమాలాడు. అలాగేలే అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఓనరుకు ఫోన్ చేశాను.

మూడోసారి అతను వచ్చింది శుక్రవారం. గోడ వెంబడి వేలితో తడుముకుంటూ పేపర్ల దొంతర దాకా వచ్చి ఆగాడు. బల్లమీద నా నల్ల టేపు చుట్ట ఉంది. తీసి చూసి, ఉన్నచోటే పెట్టాడు.

"సార్, లోపలెక్కడైనా వైరుకు అతుకుందా?"

"మా ఇంట్లో అతుకుల సంసారం లేదయ్యా."

వంటింట్లోంచి మా ఆవిడ, "అదేంటండీ, ఆ రోజు మీరేగా..." అంది. కాఫీ సంగతి చూడమన్నాను.

మేడమీద నుంచి కొత్త వైరు బాల్కనీలోకి వేలాడదీసి ఒక్కసారి చూద్దామన్నాడు. అలా చూస్తే నా గుట్టు రట్టవుతుంది. బాల్కనీకి కొత్తగా సున్నం వేయించాం, మరకలవుతాయన్నాను. అప్పటికి మసీదు నుంచి పిలుపు వినపడింది. నమాజుకు వెళ్ళి అరగంటలో వస్తానన్నాడు.

"స్పీడు చూపించి వెళ్ళు భాయ్. దేవుడెక్కడికీ పోడు. మీ ఓనరే, అంతసేపు ఆగడు."

కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని ఒకరిద్దరికి చెప్పాను, కథ రక్తికడుతుందని. పెట్టుకోలేదు. మంచినీళ్ళు అడిగాడు. తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి మళ్ళీ జాక్ విప్పాడు. అతని ముందే ఓనరుకు ఫోన్ చేసి, "మీ మనిషికి పని రాదండీ" అన్నాను. అంతే. సంచీ సర్దుకుని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు కొత్త మనిషి వస్తాడనగా, తెల్లారగానే అతుకు పీకేసి, వైరుకు కొత్త జాక్ వేయించుకోవడానికి వీలుగా కోసి, కంప్యూటరును వాయవ్యానికి లాగేశాను. ఆ మనిషి జాక్ బిగించాడు, నెట్టు పరుగెత్తింది. మూడుసార్లొచ్చినవాడికి దొరకని లోపాన్ని నేనే పట్టేశానని అపార్ట్‌మెంటంతా చెప్పుకున్నాను. మరి ఆగ్నేయం సంగతేమిటని మా ఆవిడ అడిగింది. దోషం పోయిందన్నాను.

రెండేళ్ళకు మిక్సీ పాడైతే పటమటలో ఒక రిపేరు కొట్టుకు తీసుకెళ్ళాను. అరుగుమీద జానెడు బల్ల వేసుకుని, ఆ మూడుసార్లొచ్చినతనే కూర్చుని ఉన్నాడు. గడ్డం నెరిసింది. నన్ను గుర్తుపట్టి, "కూర్చోండి సార్" అన్నాడు. మిక్సీ వైరును ఎలుక కొరికితే నేనే మెలిపెట్టి నల్ల టేపు చుట్టాను. అతను ఆ ఉబ్బు దగ్గర వేలు ఆపాడు.

"ఇక్కడ అతుకుంది సార్."

"ఎవడో ఎలక్ట్రీషియన్ వేశాడులే."

"ఎవరేశారని ఆ రోజు కూడా అడగలేదు సార్. ఉందా అని అడిగానంతే."

కొత్త వైరు వేసి, జార్ పెట్టి తిప్పి చూపించాడు. పాత వైర్లోంచి ఆ అతుకు మేరకు కత్తిరించి నా చేతిలో పెట్టాడు.

"ఇది మీది సార్. తీసుకెళ్ళండి."

అక్కడికక్కడే అతని రెండు చేతులూ పట్టుకుని క్షమాపణ అడిగానని మా ఆవిడకు చెప్పాను. ఆవిడ నమ్మింది కూడా. నేనడిగింది ఒక్కటే.

"గ్యారంటీ ఎన్నాళ్ళయ్యా?"