నిరీక్షణ గది

2022లో నేను సూర్యాపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, డయాలసిస్ వార్డులో ఆయాగా చేస్తున్నాను. కిడ్నీలు పాడైనవాళ్ల రక్తాన్ని మిషను శుభ్రం చేసే చోటు అది. పక్కబట్టలు మార్చడం, రోగుల బరువు చూడడం, సూదులు తీశాక దూది అదిమి పట్టడం నా పని. ఆ రోగుల్లో మా ఆయన ఏసోబు కూడా ఒకడు.

నలభై దాటాక చర్చిలో, బైబిలు మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకున్నాను. బైబిల్లో నిరీక్షణ అంటే ఆశ. అందుకే వార్డు బయట 'నిరీక్షణ గది' అన్న బోర్డు చదివి, ఎంత మంచి పేరు పెట్టారో అనుకున్నాను. వచ్చినవాళ్లందరికీ గర్వంగా చెప్పేదాన్ని. మా ఆయన పక్క మంచం మీదుండే కోదాడ సలోమి ఒకరోజు నవ్వింది.

"ఆశా లేదు, పాడూ లేదక్కా. అది వెయిటింగ్ హాలు."

సలోమికి తమ్ముడి కిడ్నీ సరిపోయింది. మా ఆయనకు నాది సరిపోదన్నారు, ఇచ్చేవాళ్లు వేరే లేరు. ఇద్దరి కోసం అందరం కలిసే ప్రార్థన చేశాం, జవాబు మాత్రం ఆమెకు వచ్చింది. ఆమె పక్క సర్దడానికి నాకు చేతులు రాలేదు. డయాలసిస్ రోగులు నీళ్లు కొలిచి తాగాలి. ఇక ఆమె కడుపునిండా తాగుతుంది. అన్నిటికంటే ఆ నీళ్ల మీదే నాకు కుళ్లు.

ఆపరేషనుకు ముందు ఆమె చివరిసారి వచ్చిన రోజు మా ఆయన ఆ బోర్డు కిందే కూర్చుని లోపలికి రానన్నాడు.

"దేవునికి ఆమె కనవడ్డది, నేను కనవడలే. ఇగ నాకు సూదులొద్దు."

మిషను మానితే బతకడు. అయినా నేను బతిమాలలేదు. నా మనసులోని మాటే ఆయన అన్నాడు.

సలోమి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. కిడ్నీ నిలుస్తుందో లేదో డాక్టర్లూ గట్టిగా చెప్పలేదట. తమ్ముణ్ని కోయిస్తున్నానని నిద్ర కూడా పట్టడం లేదట.

"భయంగానే ఉందన్నా. ఈ బోర్డు అక్క చదివినట్టే చదువుకుని పోతున్నా. నువ్వూ అట్టాగే చదువుకో."

"సదువుకుంట గని, నువ్వు నీళ్లు తాగేటప్పుడు నాకు సూపియ్యకు" అన్నాడాయన. ఇద్దరూ నవ్వారు. ఆయన లోపలికొచ్చి సూదులకు చెయ్యి చాపాడు.

కొన్ని నెలలకు సలోమి వీడియో కాల్ చేసింది. "ఏదీ, ఒక గ్లాసు తాగి సూపియ్యి సెల్లె" అని మా ఆయనే అడిగాడు. ఆమె తాగుతుంటే ఈయన గుటక మింగాడు. నేను మొహం తిప్పుకున్నాను.

ఆయన ఇంకా ఆ మంచం మీదికే వస్తున్నాడు. నా కుళ్లూ పోలేదు, ప్రార్థనలో దాన్ని కూడా చెప్పుకుంటున్నాను. బాధ తీరాకే ఆశ మొదలవుతుందని అనుకునేదాన్ని. రెండింటినీ ఒకే బోర్డు కింద చూశాను. ఎక్కడ కూర్చోవాలని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ నిరీక్షణ గదిలో అనే చెబుతాను.