ఆముదం తాగిన మోటరు సైకిల్

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టమంటే మా అన్నకు ఒంట్లో జ్వరం వచ్చేది. అరవైల మొదట్లో ఎవరో కాంట్రాక్టరు వదిలించుకున్న పాత మోటరు సైకిల్ పట్టుకొచ్చి, భువనగిరిలో రిపేరు దుకాణం పెడతానన్నాడు. బాపు షరతు పెట్టాడు. పెద్దరోడ్డు మీద ఒక మైలురాయి నుంచి ఇంకో మైలురాయికి నిమిషంలో ఉరికిస్తే దుకాణం, లేకుంటే బండి అమ్మేసి జన్మంతా మగ్గం.

ఇక మా ఇంటికి శని పట్టింది. అన్న సైలెన్సరు లోపలి గొట్టం పీకేశాడు. వేగం మాట దేవుడెరుగు, వాడలో మేకలు తాళ్ళు తెంచుకున్నాయి. అమ్మ బియ్యం చెరిగే చాటలో కార్బురేటరు విప్పి పోసి, సూదితో గుచ్చి, నోటితో ఊది, పెట్రోలు మింగి దగ్గాడు. ఆ తర్వాత చాలా రోజులు మా అన్నం పెట్రోలు వాసనే.

ఆ బండికి పెట్రోల్లోనే ఇంజను నూనె కొలిచి కలపాలి. కొలతంటే మా అన్న చెవికెక్కుతుందా! మాది నేతగాళ్ళ ఇల్లు. మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె మొరాయిస్తే ఆముదం పట్టించడమే మాకు తెలిసిన వైద్యం. చెలకల నిండా ఆముదాలే పండే ఊరు కాబట్టి దానికి కొరతా లేదు. అన్న ఇంజను నూనెకు తోడు చెంబెడు ఆముదం ట్యాంకులో పోశాడు.

"నూనె పడితె నాడె ఉరుకుతది. గిదెందుకు ఉరకది?"

"నాడెకు పొగగొట్టం ఉన్నదా అన్నా?" అన్నాను.

"నీకేం ఎరుక? పోయి నూలు కండెలు చుట్టుకో."

బండి ఉరకలేదు. వాడనంతా పొగతో నింపి, దగ్గి దగ్గి ఆగిపోయింది. ప్లగ్గు విప్పితే బొగ్గులా నల్లగా, జిగటగా ఉంది. తుడిచి పెడితే మళ్ళీ అంతే. తప్పు ప్లగ్గుదన్నాడు, పెట్రోలుదన్నాడు, చివరికి నా దిష్టిదన్నాడు. తన తలకాయది తప్ప అన్నిటిదీ తప్పే.

ట్యాంకు అడుగున పేరుకున్న ఆముదం చూశాక బుద్ధి వచ్చిందనుకున్నాం. అంతా పారబోసి, పగబట్టినవాడిలా ఈసారి ఇంజను నూనె కూడా కలిపీ కలపనట్టు కలిపాడు. అయితే అతివృష్టి, లేకుంటే అనావృష్టి!

పరీక్ష రోజు మొదటి రాయి దగ్గర మా మేనమామ నిలబడ్డాడు. బండి దాటగానే ఎర్ర తువ్వాలు ఊపాలి. రెండో రాయి దగ్గర జేబు గడియారంతో బాపు, పక్కన నేను. తువ్వాలు ఊగింది. బండి వచ్చింది. నిజం చెప్పాలి, అంత వేగం నేను ఏనాడూ చూడలేదు. నవ్వుదామని వెళ్ళినదాన్ని "ఉరుకన్నా, ఉరుకు!" అని అరిచాను. రాయి కాస్త దూరం ఉందనగా ఇంజను కీచుమంది. నూనె చాలక పిస్టన్ పట్టేసింది. చక్రం బిగుసుకుపోకుండా అన్న క్లచ్చు నొక్కిపట్టాడు. చచ్చిన ఇంజనుతోనే బండి రాయిని దాటి వెళ్ళి ఆగింది.

"నిమిషం దాటింది. ఇగ ఇంటికి నడువుండ్రి" అన్నాడు బాపు.

"గడియారం జేబుల నుంచి తియ్యనే లేదు గద బాపూ!" అన్నాను, అన్నకు వినపడేలా.

"తీసుడెందుకు? కూడు పెట్టేది మగ్గమే."

అన్న విన్నాడు. మసి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. బండిలో తప్పు వెతకడానికి ఇంటినంతా ఆగం చేసినవాడు, బాపు చేసిన ఇంత పెద్ద తప్పు కళ్ళముందే దొరికితే, బండి తోసుకుంటూ ఇంటిదారి పట్టాడు. మర్నాడు పొద్దున్నే ఎవరూ పిలవకుండానే మగ్గం గుంటలోకి దిగాడు. బాపు మీద కన్నా అన్న మీదే నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతుంది.